అలవాటైపోతుందిలే

తెలుగులో మనం ఒకరికొకరం చెప్పుకునే ఓదార్పు మాటల్లో అన్నిటికన్నా చవకైనది "అలవాటైపోతుందిలే" అనుకుంటాను. కొత్త కోడలికి అత్తగారింటి వాళ్ళు చెప్తారు, కన్నవాళ్ళూ చెప్తారు. హాస్టల్లో మొదటి వారం ఏడుస్తున్న ఇంటర్ పిల్లకి వార్డెన్ చెప్తుంది. నైట్ షిఫ్ట్‌లో చేరిన కుర్రాడికి టీమ్ లీడ్ చెప్తాడు. చెప్పేవాళ్ళలో చాలామంది మంచి మనసుతోనే చెప్తారు. పైగా అది అబద్ధం కూడా కాదు. నిజంగానే అలవాటైపోతుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆర్నెల్ల తర్వాత ఆ పిల్ల ఏడవటం మానేసిందంటే హాస్టల్ బాగుపడిందనా, పిల్ల గట్టిపడిందనా, లేక ఏడ్చి లాభం లేదని తెలిసిపోయిందనా? ఈ మూడూ వేరు వేరు సంగతులు. మూడింటికీ కలిపి మనం ఒకే మాట వాడుతున్నాం. అలవాటు పడటం ఎప్పుడు బలం, ఎప్పుడు లొంగుబాటు?

ఈ ప్రశ్నకి నాకు తేటగా కనిపించిన జవాబు ఒకటి పర్వతారోహకుల శరీరాల్లో ఉంది. ఎత్తైన కొండలు ఎక్కేవాళ్ళు శిఖరం మీద గడిపేది ఏ పావుగంటో, అరగంటో. దానికి ముందు వారాల తరబడి వాళ్ళు చేసే పని మాత్రం ఒక్కటే: గాలి తక్కువకి అలవాటు పడటం. ఆ పని శరీరం ఎలా చేస్తుందో కాస్త దగ్గరగా చూస్తే, మన "అలవాటైపోతుందిలే"లో ఏమేం ఇరుక్కుని ఉన్నాయో విడివిడిగా కనిపిస్తుంది.

*

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. పైకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. మచిలీపట్నం బీచ్‌లో ఎంతో ఎవరెస్ట్ మీదా అంతే, 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులు. 5,500 మీటర్ల దగ్గర సగం. 8,849 మీటర్ల ఎవరెస్ట్ కొసన మూడోవంతు. ఒక్కో శ్వాసకీ లోపలికి వచ్చే ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది.

పొద్దున్నే ఢిల్లీలో ఫ్లయిట్ ఎక్కి, టిఫిన్ వేళకల్లా లేహ్‌లో దిగిన మనిషి బ్యాగులు మోసుకుంటూ రెండు అంతస్తులు ఎక్కేసరికి గుండె దడదడలాడుతుంది. హోటల్ వాళ్ళు "ఈ రెండ్రోజులు ఎక్కడికీ పోకండి, పడుకోండి" అంటారు. నాలుగు రోజుల సెలవుపెట్టి వచ్చినవాళ్ళకి ఆ మాట వినబుద్ధి కాదు. కానీ ఆ రెండ్రోజుల్లో జరిగేది పైకి కనపడదు గానీ, చాలా పెద్ద పనే.

ఆ పనికి టైమ్ ఇవ్వకపోతే ఏమవుతుందో 1875లోనే తెలిసింది. ఆ ఏడు ఏప్రిల్ 15న 'జెనిత్' అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్ళు పైకి వెళ్ళారు. రెండు గంటల్లో 8,000 మీటర్లు దాటారు. వెంట ఆక్సిజన్ నింపిన సంచులున్నాయి. అయినా కిందికి దిగేసరికి సివెల్, క్రోచె-స్పినెల్లి ఇద్దరూ చనిపోయి ఉన్నారు. మూడోవాడు గస్టాన్ టిసాండియే బతికాడు, వినికిడి పోయింది. ఆయన తర్వాత రాసినదాంట్లో నన్ను వదలని సంగతి ఒకటుంది. ఆ ఎత్తులో బాధేమీ తెలియలేదట. పైగా లోపల ఏదో ఆనందం, చుట్టూ వెలుగు. ప్రమాదంలో ఉన్నామన్న ధ్యాసే లేదు. ఆక్సిజన్ సంచి చేతికి అందేంత దూరంలోనే ఉంది, చెయ్యి లేవలేదు.

కాబట్టి గాలి తక్కువైతే మనకి వెంటనే తెలిసిపోతుంది అనుకోవటం పొరపాటు. ఒక్కసారిగా తక్కువైతే తెలియకుండానే పోతాం. అలవాటు పడని శరీరం చేసే తప్పు మరీ ఎక్కువ బాధపడటం కాదు, బాధ తెలియకపోవటం.

*

ఇప్పుడు అలవాటు పడే శరీరం సంగతి చూద్దాం. మెడలో రెండు పక్కలా, మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమనులు చీలే చోట, బియ్యపుగింజంత కణజాలం ఉంటుంది. పేరు కరోటిడ్ బాడీ. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూస్తూ, తగ్గగానే "ఇంకా పీల్చు" అని మెదడుకి చెప్పటం దాని పని. ఎత్తుకి పోగానే మొదట మేలుకునేది అదే. శ్వాస పెరుగుతుంది. కానీ ఎక్కువగా పీలిస్తే ఎక్కువగా వదులుతాం కూడా. రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. అది చూసి మెదడు "ఇక చాలు, తగ్గించు" అంటుంది. మొదటి రోజుల్లో శరీరం ఈ రెండు మాటల మధ్య నలుగుతుంది. రాత్రి నిద్రలో శ్వాస కాసేపు ఆగిపోవటం, ఉలిక్కిపడి లేచి ఆయాసపడటం ఈ తగువు వల్లే.

ఆ తగువు తీర్చేవి మూత్రపిండాలు. అవి కొన్ని రోజుల పాటు బైకార్బొనేట్‌ని బయటికి పంపి రక్తాన్ని మళ్ళీ తూకానికి తెస్తాయి. అప్పుడు శ్వాసకి ఉన్న అడ్డు తొలగుతుంది. ఎర్రకణాలు పెరగటం అందరూ చెప్పుకునే సంగతే గానీ, దానికి వారాలు పడుతుంది. మొదటి వారంలో మనిషిని కాపాడేది రక్తం కన్నా శ్వాస.

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించిన సంగతి ఇది. ఎత్తులో రోజులు గడిచేకొద్దీ ఆ బియ్యపుగింజ మొద్దుబారదు, ఇంకా సున్నితమవుతుంది. మొదటి రోజు ఎంత కొరతకి ఎంత గట్టిగా అరిచిందో, పదో రోజున అదే కొరతకి అంతకంటే గట్టిగా అరుస్తుంది. అందుకే పదో రోజున మనిషి తేలిగ్గా నడవగలుగుతాడు. ఎత్తుకి అలవాటు పడటమంటే కొరత తెలియకుండా పోవటం కాదు, కొరతని ఇంకా బాగా తెలుసుకుని దానికి తగ్గట్టు తనని తాను మార్చుకోవటం. మన వాడుకలో "అలవాటైపోయింది" అంటే దాదాపుగా దీనికి తలకిందులు.

ఇంకో సంగతి, ఈ మార్పు పైన కూర్చుంటే రాదు. పర్వతారోహకుల పాత సూత్రం పగలు ఎత్తుకి ఎక్కు, రాత్రి కిందికి దిగి పడుకో అనేది. నిద్రలో శ్వాస ఇంకా తగ్గుతుంది కాబట్టి పడుకునే చోటే అసలు లెక్క. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని వైద్యులు చెప్తారు. మన సైన్యానికీ ఇలాంటి లెక్కే ఉంది. సుమారు 2,700 మీటర్లు దాటాక ఆరు రోజులు, 3,600 దాటాక నాలుగు, 4,500 దాటాక ఇంకో నాలుగు. 1962 యుద్ధంలో మైదానాల నుంచి నేరుగా హిమాలయాల మీదికి పంపిన జవాన్ల ఊపిరితిత్తులు ఆ లెక్కల అవసరాన్ని చెప్పాయి.

*

సరైన అలవాటు ఇదైతే, తప్పుడు అలవాటు కూడా శరీరంలోనే ఉంది. 1925లో పెరూలో కార్లోస్ మోంగె అనే వైద్యుడు ఒక వింత రోగాన్ని గుర్తించాడు. ఆండీస్ కొండల మీద ఏళ్ళ తరబడి బతికినవాళ్ళకి పెదాలు నీలమవుతాయి, తలనొప్పి, మగత, చెవుల్లో హోరు. రక్తం ఎర్రకణాలతో చిక్కబడి, గుండె దాన్ని తోయలేక అలసిపోతుంది. ఈ రోగుల్లో చాలామందికి శ్వాసని పెంచే ఆ స్పందన మొద్దుబారి ఉంటుంది. ఆక్సిజన్ తగ్గినా శ్వాస పెరగదు. పెరగాల్సిన శ్వాస పెరగక, ఆ బాకీనంతా రక్తం తీరుస్తుంది. కొరత తెలియటం మానేసిన శరీరం తనని తాను లోపల్నుంచి గట్టిపరుచుకుంటుంది. ఆ గట్టిదనమే దాన్ని చంపుతుంది.

టిబెటన్లు వేల ఏళ్ళుగా అదే ఎత్తుల్లో ఉంటున్నారు. వాళ్ళు సగటున ఎక్కువ శ్వాస తీసుకుంటారు. రక్తం మరీ చిక్కబడకుండా చూసే జన్యువు ఒకటి వాళ్ళలో ఎక్కువగా ఉంది. అది డెనిసోవన్లు అనే అంతరించిపోయిన మానవజాతి నుంచి వచ్చిందని 2014లో తేల్చారు. అంటే ఆ కొండల మీద నెగ్గింది గట్టిపడే రక్తం కాదు, పల్చగా ఉండగలిగిన రక్తం.

మోంగె కనిపెట్టిన రోగానికి అన్నిటికన్నా మంచి మందు కిందికి దిగటం. దిగితే తగ్గుతుందని రోగికీ తెలుసు. పెరూలో లా రింకొనాడ అనే బంగారు గనుల ఊరు 5,100 మీటర్ల ఎత్తున ఉంది. ప్రపంచంలో జనం స్థిరంగా ఉంటున్న ఊళ్ళలో అంతకంటే ఎత్తైనది లేదంటారు. అక్కడ 'కచొర్రెయో' అనే పద్ధతి ఉంది. నెలంతా జీతం లేకుండా పనిచేస్తే, చివర్లో ఒక రోజు మోసుకెళ్ళగలిగినంత రాయి కార్మికుడిది. అందులో బంగారం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ మనిషి కిందికి దిగడు. "అతనికి అలవాటైపోయింది" అని బయటి వాళ్ళకి అనిపించవచ్చు. అతని రక్తం మాత్రం అలా అనదు.

*

మందుల్లోనూ ఈ తేడా ఉంది. లడఖ్ వెళ్ళేవాళ్ళకి డాక్టర్లు రాసే డయామాక్స్ మూత్రపిండాలు చేసే పనిని తొందరపెడుతుంది, శ్వాసకి ఉన్న అడ్డు తీస్తుంది. అది అలవాటు పడటానికి సాయం. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మెదడు వాపుని తగ్గిస్తుంది, ప్రాణాలు కాపాడుతుంది కూడా. కానీ శరీరాన్ని ఎత్తుకి అలవాటు చెయ్యదు. అది వేసుకుని బాగానే ఉన్నానని ఇంకా పైకి పోయి, మాత్ర ఆపితే జబ్బు మళ్ళీ తిరగబెట్టొచ్చు. అందుకే అది కిందికి దింపటానికి వాడే మందు.

మన జీవితాల్లో కూడా సాయాలు ఈ రెండు రకాలుగానే వస్తాయి. అమ్మాయి ఫోన్ చేసి ఏడిస్తే వచ్చి నాలుగు రోజులు ఉండి, ఇబ్బంది ఎక్కడో కనుక్కుని వెళ్ళే అమ్మ ఒక రకం. "అందరిళ్ళల్లో ఉండేదేగా తల్లీ" అని ఫోన్ పెట్టేసేది ఇంకో రకం. రెండో రకం మాటతోనూ నొప్పి తగ్గుతుంది. అదే ప్రమాదం.

ఎత్తు జబ్బుకి రక్తపరీక్ష లేదు. తలనొప్పి ఎంత, వికారం ఎంత, నీరసం ఎంత, తల తిరగటం ఎంత అని అడిగి మార్కులు వేసుకోవటమే. ఆక్సిజన్ శాతం చూసే మీటరు వేలికి పెట్టినా, చివరికి మనిషి నోరు విప్పి చెప్పాల్సిందే. గుంపులో వెళ్ళినప్పుడు అక్కడే వస్తుంది ఇబ్బంది. తన వల్ల అందరూ ఆగిపోతారని, నవ్వుతారని, కట్టిన డబ్బు పోతుందని మనిషి "నేను బాగానే ఉన్నా" అంటాడు. కొండల మీద చావుల్లో కొన్ని ఈ మాటతోనే మొదలవుతాయి. ఓర్పు మంచి గుణమని మనకి చిన్నప్పట్నుంచీ నేర్పారు. చెప్పాల్సింది చెప్పకుండా ఓర్చుకోవటం కొండ మీద మంచి గుణమేమీ కాదు.

*

ఇంతవరకూ శరీరం గురించి మాట్లాడుకున్నాం. మనసు అలవాటు పడే తీరు వేరు.

2006 మే నెల మధ్యలో ఎవరెస్ట్ ఉత్తరం వైపు దారిలో, సుమారు 8,500 మీటర్ల దగ్గర, డేవిడ్ షార్ప్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు ఒక రాతి పొదరింట్లో కూలబడి చనిపోతున్నాడు. ఆ రోజు నలభై మంది దాకా ఆ దారిన పోయారని అప్పట్లో చెప్పుకున్నారు. కొందరు చూడలేదు, కొందరు చూసి చనిపోయాడనుకున్నారు, కొందరు సాయం చేయబోయి చేతకాక వదిలేశారు. అదే రాతి కింద ఎప్పట్నుంచో ఇంకో శవం ఉంది. దాని కాళ్ళకున్న బూట్ల రంగుని బట్టి 'గ్రీన్ బూట్స్' అని పేరు పెట్టి, జనం దాన్ని దారి గుర్తుగా వాడుకునేవాళ్ళు. "గ్రీన్ బూట్స్ దాటాక ఇంత దూరం" అని. ఒక మనిషి శవం మైలురాయి అయిపోయిన చోట, ఇంకో మనిషి ఆ పక్కనే కూర్చుని ఉంటే వేరుగా కనపడటం కష్టమే. ఎడ్మండ్ హిల్లరీ దీని మీద కోపంగా మాట్లాడాడు. శిఖరం కోసం మనిషిని వదిలేసి పోవటం తమ రోజుల్లో ఊహించలేనిదన్నాడు.

హిల్లరీ కోపం న్యాయమైనదే గానీ, ఎదుటి వాదన కూడా వినాలి. 8,000 మీటర్లు దాటాక అలవాటు పడటం అనేది లేదు. శరీరం గంట గంటకీ అరిగిపోతూ ఉంటుంది. 2007లో బ్రిటిష్ వైద్య బృందం ఒకటి ఎవరెస్ట్ మీద 8,400 మీటర్ల దగ్గర తమ రక్తాన్నే తీసి చూసుకుంది. ఆ రక్తంలో ఉన్న ఆక్సిజన్ ఎంత తక్కువంటే, కింద ఆసుపత్రిలో అలాంటి రిపోర్టు వస్తే మనిషి పోతున్నాడనుకుంటారు. ఆ స్థితిలో ఉన్న మెదడుని పట్టుకుని "నీ నీతి ఏమైంది?" అని అడగటం ఎంతవరకు సబబు? నడవలేని మనిషిని అక్కడి నుంచి మోసుకు రావటం దాదాపు అసాధ్యమన్న మాటా నిజమే.

కానీ ఆ నెలలోనే, పది రోజుల తర్వాత, అదే కొండ మీద 8,600 మీటర్ల దగ్గర లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియన్‌ని అతనితో ఉన్న షెర్పాలు గంటల తరబడి దింపటానికి కష్టపడి, ఇక ప్రాణం లేదనుకుని వదిలి రావాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్న శిఖరానికి వెళ్తున్న డాన్ మజూర్ బృందానికి ఆయన బతికే కనపడ్డాడు. వాళ్ళు శిఖరం మానుకుని ఆయన దగ్గర ఆగిపోయారు. కింద నుంచి షెర్పాలు వచ్చి ఆయన్ని దింపారు. అదే ఎత్తు, అదే పల్చటి గాలి. కాబట్టి గాలి లేకపోవటం ఒక్కటే కారణమని అనలేం.

ఇందులో తేల్చుకోగలిగింది ఒకటుంది. పైన ఉన్న మెదడు నిర్ణయాలు చేయలేదని తెలుసు కాబట్టి, నిర్ణయాలు కిందే చేసుకుని వెళ్ళాలి. పర్వతారోహణలో ఇది పాత పద్ధతే. శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం ఇన్ని గంటలకి వెనక్కి తిరుగుతాం అని బేస్ క్యాంప్‌లో, తల తేటగా ఉన్నప్పుడే టైమ్ పెట్టుకుంటారు. 1996 మేలో ఆ టైమ్ దాటి ఎక్కినవాళ్ళు తుఫానులో చిక్కుకున్నారు, ఎనిమిది మంది పోయారు. ఏది దాటకూడదో ముందే అనుకోకుండా ఎక్కినవాడికి పైన ప్రతిదీ మామూలుగానే కనిపిస్తుంది. ఉద్యోగాల్లోనూ కాపురాల్లోనూ కూడా "ఇంతవరకు సరే, ఇది దాటితే కాదు" అన్న గీత మొదటి నెలలో గీసుకోవాలి. మూడో ఏడు గీద్దామంటే చెయ్యి లేవదు, టిసాండియే చెయ్యి లేవనట్టే.

*

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మన అలవాటు గురించి. ఇంతకంటే చెడ్డ వాక్యం ఒకటుంది. "వాళ్ళకి అలవాటేలే."

నేపాల్ కొండల్లో బరువులు మోసేవాళ్ళందరూ షెర్పాలు కారు. చాలామంది కింది లోయల నుంచి సీజన్‌లో పనికోసం వచ్చే రైతులు. ఎత్తు వాళ్ళనీ మనలాగే కొడుతుంది. పైగా వీపున ముప్ఫై కిలోలు. అయినా ట్రెక్‌లకి వెళ్ళేవాళ్ళు వాళ్ళ చెప్పులూ పల్చటి చొక్కాలూ చూసి, వాళ్ళకి అలవాటే అనుకుంటారు. అలా అనుకున్నాక జ్వరమొచ్చిన కూలీని దారిలో వదిలేయటం తేలికవుతుంది. మన ఊళ్ళలో సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపేటప్పుడు చుట్టూ నిలబడ్డవాళ్ళు అనుకునేదీ అదే. అక్కడా తక్కువైంది గాలే.

ఎత్తుకి నిజంగా అలవాటున్న షెర్పాల సంగతి చూద్దాం. 2014 ఏప్రిల్ 18 తెల్లవారుజామున ఎవరెస్ట్ దక్షిణం వైపు, ఖుంబు ఐస్‌ఫాల్ మీద హిమపాతం విరుచుకుపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. పై క్యాంపులకి సామాను చేరవేస్తున్నారు వాళ్ళు. కట్టిన డబ్బుతో వచ్చిన ఆరోహకుడు అలవాటు పడటం కోసం ఆ ఐస్‌ఫాల్‌ని కొద్దిసార్లు దాటితే, అతని గుడారం, తిండి, ఆక్సిజన్ పైకి చేర్చటానికి షెర్పా అంతకు ఎన్నో రెట్లు దాటాలి. ఒకరి శరీరం నెమ్మదిగా మారటానికి కావాల్సిన టైమ్‌ని, ఇంకొకరు ప్రమాదంలో నిలబడి కొనిపెడుతున్నారన్నమాట. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ప్రభుత్వం మొదట ప్రకటించింది 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు ఆ సీజన్‌లో ఇక ఎక్కమన్నారు. ఆ వైపు నుంచి ఆ ఏడు ఆరోహణలు దాదాపు ఆగిపోయాయి.

ప్రపంచంలో ఆ ఎత్తుకి అందరికన్నా బాగా అలవాటు పడ్డ మనుషులు, ఒక సంగతికి మాత్రం అలవాటు పడం అన్నారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. పల్చటి గాలి కొండ గుణం. నలభై వేలు మనుషులు పెట్టిన లెక్క. మొదటిదానికి అలవాటు పడాలి. రెండోదానికి పడకూడదు. "అలవాటైపోతుందిలే" అనేవాళ్ళు చేసే మోసం రెండోదాన్ని మొదటిదానిలా చూపించటమే.

ఆ ఏడాది మే 25న, అదే ఎవరెస్ట్‌ని టిబెట్ వైపు నుంచి నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఎక్కారు. పూర్ణకి అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. కష్టాలకి అలవాటు పడ్డ పిల్లలు కాబట్టి ఎక్కగలిగారు అని చెప్పుకోవటం మనకి ఇష్టం. కానీ పేదరికం వాళ్ళ రక్తంలో ఒక్క ఎర్రకణాన్నీ పెంచలేదు. భువనగిరి రాతిగుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, తర్వాత లడఖ్ చలి, అలా మెట్టు మెట్టుగా నెలల తరబడి శిక్షణ ఇచ్చారు. సంక్షేమ గురుకులాల పిల్లలకి ఎవరో టైమ్ ఇచ్చారు, పక్కన ఉన్నారు. అదే మిగతా పిల్లలకి "కష్టపడితే నువ్వూ ఎక్కొచ్చు" అని పాఠంగా మార్చి చెప్తే, ఆ మెట్లన్నీ మాయమైపోతాయి.

*

ఈ నెమ్మదితనం అవసరమా అన్న ప్రశ్న ఇప్పుడు కొత్తగా వచ్చింది. 2025 మేలో నలుగురు బ్రిటిష్ పర్వతారోహకులు లండన్‌లో బయల్దేరి ఐదు రోజుల్లోపే ఎవరెస్ట్ ఎక్కారు. అంతకుముందు వారాల తరబడి ఇంట్లోనే, ఆక్సిజన్ తగ్గించిన గుడారాల్లో పడుకున్నారు. జర్మనీలో ఒక క్లినిక్‌లో జెనాన్ వాయువు పీల్చారు. జెనాన్ పనిచేస్తుందనటానికి ఆధారాల్లేవని పర్వతారోహణ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అంతకుముందే చెప్పింది. మోసం, కొండకి అవమానం అని కొందరు తిట్టారు. నాకు ఆ తిట్టు అంత బలంగా అనిపించదు. సిలిండర్‌తో ఎక్కటాన్ని ఒప్పుకున్నాక గుడారంతో ఎక్కటం ఎలా తప్పవుతుంది? కొండ మీద తక్కువ రోజులుంటే చెత్త తక్కువ, అపాయం తక్కువ అన్న వాళ్ళ వాదనలోనూ పస ఉంది.

నా ప్రశ్న వేరు. వాళ్ళు చేరేసరికి తాళ్ళు కట్టి ఉన్నాయి, క్యాంపులు సిద్ధంగా ఉన్నాయి. అవి కట్టినవాళ్ళు ఆ కొండ మీద వారాల తరబడి ఎక్కీ దిగీ ఉన్నారు. అంటే తగ్గింది కొండ అడిగే టైమ్ కాదు. అందులో ఆరోహకుడి వాటా తగ్గింది. మిగతాది ఎప్పటిలాగే ఇంకెవరి శరీరమో కడుతోంది. తొందరగా చేరటం తప్పు కాదు. ఎవరి నెమ్మది మీద నిలబడి మనం తొందరగా చేరామో మర్చిపోవటం తప్పు.

ఇక అలవాటు పడకూడని ఎత్తు అంటూ ఒకటి ఉందా? ఉంది. 1960-61లో హిల్లరీ, గ్రిఫిత్ ప్యూ కలిసి చేసిన యాత్రలో కొందరు ఆరోగ్యవంతులు 5,800 మీటర్ల దగ్గర ఒక వెండిరంగు గుడిసెలో చలికాలమంతా ఉన్నారు. తిండికి లోటు లేదు. అయినా బరువు తగ్గుతూనే పోయారు. అంతకు పాతికేళ్ళ ముందే, 1935లో, చిలీలోని అవుకంకిల్చా గంధకపు గని కార్మికులు ఇదే సంగతిని వేరేలా చెప్పారు. వాళ్ళు సుమారు 5,300 మీటర్ల దగ్గర మకాం ఉండి, రోజూ అంతకు ఐదారొందల మీటర్ల పైనున్న గనికి ఎక్కి పనిచేసేవాళ్ళు. వాళ్ళకోసం ఇంకా పైన మకాం కడితే అక్కడ ఉండలేకపోయారు. ఆకలి లేదు, నిద్ర లేదు, చిక్కిపోతున్నాం అన్నారు. రోజూ ఎక్కుతాం గానీ పడుకునేది మాత్రం కిందే అన్నారు. శాస్త్రవేత్తలు గుడిసె కట్టుకుని చలికాలమంతా బరువులు తూచి కనుక్కున్నదాన్ని, వాళ్ళు తమ ఒళ్ళు చెప్పింది విని తెలుసుకున్నారు. వాళ్ళని అలవాటు పడలేనివాళ్ళని ఎవరూ అనలేరు. భూమ్మీద వాళ్ళకంటే ఎక్కువ అలవాటు పడ్డవాళ్ళు ఎంతోమంది ఉండరు. అందుకే వాళ్ళకి హద్దు తెలిసింది.

కొండ దిగాక కొన్ని వారాల్లో ఈ అలవాటంతా పోతుంది. పెరిగిన ఎర్రకణాలని శరీరమే తగ్గించుకుంటుంది. అవసరం తీరాక వదిలేసుకోగలగటం కూడా మంచి అలవాటు లక్షణమే. నైట్ షిఫ్ట్ మానేసి పదేళ్ళయినా నిద్ర పట్టని మనిషికీ, పుట్టింటికి వచ్చినా అందరి తర్వాతే తినే ఆడపిల్లకీ అంటుకున్నది ఈ రకం కాదు.

కాబట్టి కొత్తగా వచ్చిన మనిషి ఇబ్బంది పడుతుంటే, "అలవాటైపోతుందిలే" అనే ముందు ఒక్కసారి ఆగాలి. ఆ ఇబ్బంది కొండదా, మనం పెట్టిందా? దిగి పడుకోవటానికి ఆ మనిషికి ఒక చోటుందా? ఎత్తైన ఊళ్ళలో కూర్చునే డాక్టర్లు పైకి పోయేవాళ్ళకి ధైర్యం చెప్పటంతో మొదలుపెట్టరు. తలనొప్పి ఉందా, రాత్రి నిద్ర పట్టిందా, అన్నం తినబుద్ధవుతోందా అని అడుగుతారు. జవాబు వినేదాకా పైకి పంపరు.